మా అన్న నత్తి

పోలీస్ యాక్షన్ అయిన కొన్నేళ్లకు, పోరాటం ఆపేశారని కబురొచ్చింది. అడవుల్లో దాక్కున్నవాళ్లు ఒక్కొక్కరే ఇళ్లకు చేరారు. మా అన్న రాలేదు. పోయాడంటే వదిన పుస్తెలు తీయాలి, ఉన్నాడంటే ఉంచుకోవాలి. ఏదో ఒకటి తేల్చుకు రమ్మని అమ్మ నన్ను పంపింది.

హయత్‌నగర్ దాటాక ప్రతి ఊరూ తన గొప్ప చెప్పుకునేదే. ఒక ఊరికి తమ బురుజు గొప్ప, ఇంకో ఊరికి తమ దొర గడీ వదిలి పారిపోవడం గొప్ప. వినీ వినీ నాకు విసుగొచ్చింది. పోయినవాళ్ల గురించి అడిగితే ఎవరూ సూటిగా చెప్పరు.

దళంలో సొంత పేరూ ఊరూ చెప్పుకోకూడదు, అక్కడ పెట్టిన పేరే పేరు. అందుకే అన్న పేరు అడిగి లాభం లేదు. ఆయనకున్న ఒక్క ఆనవాలు నత్తి. మొదటి అక్షరం దగ్గరే మాట ఆగిపోయేది.

ఇబ్రహీంపట్నం పక్క పల్లెలో, రజాకార్ల కాలంలో బురుజు మీద కాల్పుల్లో పోయిన ఒక దళం మనిషి కథ చెప్పారు. ఊరూ పేరూ తెలియవు కనుక తమవాణ్ణే చేసుకున్నారు. బురుజెక్కి పొద్దుగూకేదాకా ఉపన్యాసమిచ్చాడట. ఆ గొంతు పెద్దచెరువు కట్టదాకా వినబడిందట. నేను వింటుండగానే ఆయన ఎత్తు రెండు మూరలు పెరిగింది.

"ఆయనకు నత్తి ఉండెనా పటేలా?" అన్నాను.

కథ చెబుతున్న పెద్దమనిషి ముఖం మాడ్చుకున్నాడు. "మా పులి నత్తోడా? ఏ ఊరోనివి నువ్వు? గసొంటి మాట మల్ల అనకు."

"అవ్, అవ్" అన్నారు చుట్టూ ఉన్నవాళ్లు.

నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. ఆ చనిపోయింది మా అన్నే అయినా, నేను పోల్చుకోగల ఒక్క గుర్తూ వీళ్లు తుడిచేశారు. ఇక ఏ ఊరు వెళ్లినా ఇంతేనని తెలిసిపోయింది.

లేచి వస్తుంటే బురుజు పక్కింటి ముసలమ్మ పిలిచింది. ఆయన నోట్లో చివరి నీళ్లు పోసింది తానేనంది.

"ఏమన్న మాట్లాడిండా అవ్వా?"

"లేదు బిడ్డా. నీళ్లకు సైగ చేసిండు. నోరు తెర్వనేలే."

చావబోయే మనిషి ఎవడైనా సైగే చేస్తాడని దారి పొడుగునా నాకు నేను చెప్పుకున్నాను. కానీ మా అన్న ఒళ్లు బాగున్న రోజుల్లో కూడా నీళ్లకు సైగే చేసేవాడు. ఆ సైగ చూసి చెంబు తెచ్చిచ్చేది వదిన. ఇప్పుడు ఈ ముక్క ఆమెకే చెప్పాలి.