అవ్వ పిల్లి, నా ఎలుకలు

ఆ రోజుల్లో నాకు కొన్ని గట్టి నమ్మకాలుండేవి. ఆకలితో ఉన్న ప్రాణి ఎదురైతే నాలుగు మెతుకులు పెట్టాలి, అక్కడితో కథ అయిపోతుంది అన్నది వాటిలో మొదటిది. ఆ నాలుగు మెతుకుల్లోంచి ఎన్ని తలనొప్పులు పుట్టుకొస్తాయో, చదువుకున్న మనిషి చేత (అంటే నా చేత) పొద్దున్నే కిరాణా కొట్టుకు వెళ్ళి "అన్నా, ఎలుకలున్నాయా?" అని ఎలా అడిగిస్తాయో అప్పటికి తెలీదు. ఇప్పుడు తెలుసు. తెలిసి పెద్దగా మారిందేమీ లేదనుకోండి, అది వేరే సంగతి.

అప్పుడు నాకు ఇరవై మూడేళ్ళు. తెనాలి దగ్గర మా ఊరి నుంచి డిగ్రీ పట్టా, ఒక ఆవకాయ జాడీ పట్టుకుని వచ్చి మేడ్చల్ అవతల ఒక మందుల కంపెనీలో కెమిస్టుగా చేరాను. మాత్రల్లో ఉండాల్సినవి ఉన్నాయా, ఉండకూడనివి ఏమైనా కలిశాయా అని పరీక్షించి సంతకం పెట్టడం నా పని. కంపెనీ బస్సు ఆగే చోటికి దగ్గరని ఒక ఇంటి మేడ మీద గది అద్దెకు తీసుకున్నాను. కింద ఇంటివాళ్ళు ఉండేవాళ్ళు. ఇంటి పెత్తనమంతా డెబ్భై దాటిన అవ్వది. కొడుకు శామీర్‌పేట వైపు ప్లాట్లు వేసి అమ్ముతాడు, అందరూ పటేల్ అంటారు. ఊళ్ళో అందరూ ఆయనకు భయపడతారు, ఆయన అవ్వకు భయపడతాడు. మొదటి రోజు నేను మర్యాదగా "మామ్మగారూ" అని పిలిస్తే అవ్వ చేటలో బియ్యం చెరుగుతూనే, "ఏంది బిడ్డా గా గారు? అవ్వ అను. నోరు నొస్తదా?" అంది. ఆ రోజు నుంచీ అవ్వే.

ఆ ఇంట్లో ఒక పిల్లి ఉండేది. బూడిద రంగు మీద చారలు, చిరిగిన చెవి, పుసి కట్టి సగం మూసుకుపోయిన ఎడమ కన్ను, వేలితో లెక్కపెట్టగలిగినన్ని పక్కటెముకలు. శామీర్‌పేటలో మిగిలిన రెండెకరాల వడ్లు మర పట్టించి, ఏడాదికి సరిపడా బియ్యం బస్తాలు వెనక గదిలో పేర్చుకునేవాళ్ళు. వాటికి కాపలా ఆ పిల్లి. జీతం లేదు, భోజనం లేదు, సెలవు లేదు. (కొత్తగా ఉద్యోగంలో చేరినవాణ్ణి, నాకు దాని మీద సాటి ఉద్యోగి మమకారం కలగడంలో వింతేముంది?) అవ్వ నాకు నీళ్ళ మోటారు ఎప్పుడు వేయాలో చెప్పినంత మామూలుగా ఈ సంగతీ చెప్పింది: "పిల్లికి తిండి వెట్టకు బిడ్డా. కడుపు నిండితే ఎలుకలు వడ్తదా అది? పంటది."

పెట్టకూడదనే అనుకున్నాను. కానీ నేను కంచం ముందు కూర్చోగానే అది మెట్ల మీదకొచ్చి కూర్చునేది. కంచం వైపు చూసినా ఊరుకునేవాణ్ణి. అది నా మొహం వైపు చూసేది. మొదటి రోజు పెరుగన్నం ముద్ద, మూడో రోజు గుడ్డు, పదో రోజుకి ఆదివారం సంతలో ఎండు చేపలు కొనే స్థాయికి దిగజారాను. చప్పుడు చేయకుండా వెనక వచ్చి నిలబడే అలవాటు మా డిపార్ట్‌మెంట్ పెద్దావిడకీ దీనికీ ఒకటే కాబట్టి దానికి మేడమ్ అని పేరు పెట్టాను. ఒక శనివారం సెలవు పెట్టి, దాన్ని ఆఫీసు బ్యాగులో వేసుకుని పశువుల దవాఖానకు తీసుకెళ్ళాను. నా ముందు రెండు బర్రెలు, ఒక మేకపోతు. కాంపౌండరు చీటీ రాస్తూ "ఎవలది పిల్లి?" అన్నాడు. నాది కాదు, ఎవరిదో చెబితే గొడవ, తలగోక్కుని "మా అవ్వదండీ" అన్నాను. "మంచిది. ముసలమ్మలకు పిల్లులంటే ప్రాణం" అన్నాడాయన. కంట్లో చుక్కలు రోజుకు మూడుసార్లు వేయమన్నారు. వేశాను. నా రెండు చేతుల మీదా గీతలు చూసి ల్యాబులో సీనియరు "ఏ యాసిడ్ ఒలికింది?" అని కంగారు పడ్డాడు.

నెల తిరిగేసరికి మేడమ్ రెండు కళ్ళూ తెరిచింది, పక్కటెముకలు కనపడటం మానేశాయి, నా దిండు మీద పడుకోవడం మొదలైంది. నేను మహా సంతోషంగా ఉన్నాను. వెనక గదిలో ఎలుకలు నాకన్నా సంతోషంగా ఉన్నాయని ఒక బుధవారం సాయంత్రం తెలిసింది. "ఓ బిడ్డా, జర కిందికి రా!" అని అవ్వ కేక. వెళ్ళి చూద్దును కదా, మూడు బస్తాలు కొరికి ఉన్నాయి, నేలంతా బియ్యం. పటేల్ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. "ఇగ గీ పిల్లి దండగ తమ్మీ. ముసల్దయినట్టుంది. ఆదివారం సంచిల వేసి శామీర్‌పేట కాడ మా వెంచర్ల ఇడ్సి వస్త. ఆడ మస్తు ఎలుకలుంటయ్, తిని బత్కుతది" అన్నాడు. ఆ వెంచరు నేను చూశాను. ఒకసారి నాకు ప్లాటు అంటగడదామని తీసుకెళ్ళాడు. హద్దు రాళ్ళు, వాటి మధ్య గుంపులు గుంపులుగా కుక్కలు, అంతే. దిండు మీద పడుకోవడం మరిగిన పిల్లి అక్కడ ఒక పూట బతకదు. అది ముసలిదీ కాదు, దండగా కాదు, దాన్ని అలా చేసింది నేను. ఆ మాట అప్పుడే అక్కడే చెప్పేస్తే సరిపోయేది. బదులుగా చీపురు అందుకుని నేల మీది బియ్యం ఊడ్చాను.

మొదట సక్రమమైన దారినే ప్రయత్నించాను. తిండి మానేస్తే మళ్ళీ వేటకు పోతుంది కదా అని ఆ రాత్రి ఏమీ పెట్టలేదు. మేడమ్ ఖాళీ పళ్ళెం ముందు కూర్చుని తీసిన రాగానికి అరగంటలో నేనే లొంగిపోయాను. ఇక మిగిలింది ఒక్కటే. పిల్లి ఎలుకల్ని పట్టకపోతే పోనీ, పట్టినట్టు కనపడితే చాలు.

గురువారం పొద్దున పాల ప్యాకెట్ కోసం వెళ్ళినప్పుడు వీధి చివర కిరాణా అన్నను అడిగాను.

"అన్నా, ఎలుకలున్నాయా?"

"ఎలుకల మందా? ఉంది. బిళ్ళలు గావాల్నా, పేస్టు గావాల్నా?"

"మందు కాదన్నా. ఎలుకలే. మీ బోనులో పడ్డవి."

ఆయన చేతిలోని పాల ట్రే కింద పెట్టాడు. "గవ్విటితోని ఏం జేస్తవ్?"

"కంపెనీలో... పరీక్షకి" అన్నాను. నా జీవితంలో అంత వేగంగా అబద్ధం పుట్టడం అదే మొదలు.

ఆయన మొహం వెలిగిపోయింది. "అరె, ముందుగాల జెప్పొద్దా! మందుల పరీక్షకా? తీస్కపో తమ్మీ. ఇప్పుడే రెండు నీళ్ళల్ల ముంచిన. మంచిగ బలిసినయ్. మా కొట్ల జీడిపప్పు దిన్నయ్ గదా!" అని నల్ల కవర్లో వేసి, కొబ్బరికాయ ఇచ్చినంత భక్తితో ఇచ్చాడు.

అలా మూడు రోజులు. ఒక చేతిలో పాల కవరు, ఇంకో చేతిలో ఎలుక కవరు. అవ్వ పూజలో ఉన్నప్పుడు వెనక గది గడప దగ్గర ఎలుకను పడుకోబెట్టేవాణ్ణి. సహజంగా ఉండాలని తోక ఒకరోజు ఎడమకు, ఒకరోజు కుడికి తిప్పేవాణ్ణి. తర్వాత మేడమ్‌ను మోసుకొచ్చి పక్కన కూర్చోబెట్టేవాణ్ణి. అది ఎలుకను వాసన చూసి, నన్ను జాలిగా చూసి, మేడ మీదకు పోయేది. (శుక్రవారం హడావుడిలో పాల కవరు గడప దగ్గర పెట్టేసి, రెండోది పైకి తీసుకెళ్ళి కత్తెర కోసం వెతికాను. ఆఖరి క్షణంలో చూసుకుని పరుగున దిగి మార్చాను. ఆ తర్వాత వారం రోజులు టీ కూడా తాగలేదు.) పగలంతా మాత్రల్లో కల్తీ పట్టుకునే ఉద్యోగం, పొద్దున్నే ఎలుకల్లో కల్తీ చేసే పని. అయినా ఫలితం కనపడింది. "దీనికి అక్కల్ ఒచ్చినట్టుందిరా" అని అవ్వ దాని తెలివిని మెచ్చుకుంటే, "సరే తియ్, ఆదివారం దాంక సూద్దాం" అన్నాడు పటేల్.

ఆదివారం పొద్దున నేను లేచి ముఖం కడుక్కుంటుంటే మెట్ల మీద ఆగి ఆగి అడుగుల చప్పుడు. మోకాళ్ళ నొప్పులతో అవ్వ అప్పటిదాకా మేడ మీదకు రాలేదు. ఇప్పుడొచ్చింది. ఒక చేత్తో గోడ పట్టుకుంది, ఇంకో చేతిలో తోక పట్టుకుని నిన్నటి ఎలుక. నా మంచం మీద మేడమ్ నాలుగు కాళ్ళూ చాపుకుని నిద్రపోతోంది.

"గిది ఎవ్వలు వట్టిన్రు బిడ్డా?"

"మేడమ్... అదే, పిల్లే కదవ్వా."

"మరి తానం వోసి సంపిందా? మూడు దినాల సంది సూస్తున్న. ఒక్కదానికి పంటిగాటు లేదు, అన్ని తడిసి ముద్దయినయ్. మా పిల్లి బకెట్ల ముంచుడు ఎప్పుడు నేర్సింది? కొట్టాయన నాతోని జెప్పిండు, అవ్వా, మా కొట్టు ఎలుకలు పెద్ద కంపెనీలకు పోతున్నయని. నీ కంపెనీ నా గడప కాడ ఉన్నదా?"

ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు. పెరుగన్నం నుంచి దవాఖాన దాకా అంతా చెప్పేశాను. "తప్పు నాదవ్వా. నువ్వు వద్దన్నా తిండి పెట్టింది నేను. కావాలంటే గది ఖాళీ చేస్తాను. దాన్ని మాత్రం అక్కడ వదిలేయొద్దు, కుక్కలు చంపేస్తాయి" అన్నాను. ఇరవై మూడేళ్ళవాణ్ణి, పిల్లి కోసం ఏడ్చే స్థితిలో ఉన్నానని తెలిసి ఇంకా సిగ్గేసింది.

అవ్వ ఎలుకను గోడవతలికి విసిరి, చేతులు కడుక్కుని, ఆయాసపడుతూ కుర్చీలో కూర్చుంది. "ఆకలుంటెనే పని జేస్తది బిడ్డా. మా అత్త జెప్పేది. పిల్లికైనా కోడలికైనా నిండ వెట్టద్దు, నిండితే నడుం వాలుస్తదని. నాకు లగ్గమైనంక గట్లనే వెట్టింది. వడ్లు దంచి, బర్లకు గడ్డేసి, అందరు దిన్నంక అడుగు గంజి. ఒకదినం ఆకలికి తాళక పచ్చి బియ్యం బుక్కిన. గదే ఎనక అర్రల..."

అక్కడ ఆగిపోయింది. చాలాసేపు మేడమ్ వైపే చూసింది. పక్కటెముకలు కనపడని ఆ పొట్ట ఊపిరితో పైకీ కిందకీ కదులుతోంది. అవ్వ కొంగుతో మొహం తుడుచుకుంది, చెమటకో దేనికో. "గామె పోయి ముప్పై ఏండ్లాయె. గామె మాట నా నోట్లకెల్లి ఎట్ల ఒస్తాంది సూడు" అంది మెల్లగా. ఆవిడే తేరుకుని, "ఏం వెడ్తవ్ దీనికి?" అంది.

"పెరుగన్నం. ఆదివారం ఎండు చేపలు."

"ఎండు సాపలా! గీ కంపు గందుకేనా? సచ్చిన ఎలుకలు మేడ మీద గుడ ఉన్నయేమో అనుకుంటున్న. పళ్ళెం దే."

అన్నం ఆవిడే కలిపింది, ముళ్ళు ఏరి మరీ. మేడమ్ లేచి, ఒళ్ళు విరుచుకుని, ఎప్పటి నుంచో ఇదే ఏర్పాటు అన్నట్టు తినసాగింది. కింద నుంచి పటేల్ గొంతు: "అమ్మా! సంచి యాడ వెట్టినవే? ఎలుకలు ఇంక బస్తాలు కొర్కుతనే ఉన్నయ్!"

"సంచి లేదు గించి లేదు!" అని అవ్వ మేడ మీద నుంచే గర్జించింది. "జల్దీ పొయ్యి రెండు బోన్లు కొనుక్కరాపో!"

ఆ రోజు నుంచి పిల్లికి రెండు పూటలా భోజనం కింద అవ్వ దగ్గర. ఎలుకల డ్యూటీ నాది. రోజూ ఎండు కొబ్బరి ముక్క పెట్టి బోన్లు సర్దడం, పడ్డవాటిని పటేల్ బండి మీద ఊరి బయట వదిలి రావడం, ఆ తర్వాత కంపెనీ బస్సు ఎక్కడం. వీధిలో నా పేరు ఎలుకల సార్ అయింది. మేడమ్ మాత్రం గడప మీద కూర్చుని, బోను పట్టుకెళ్ళే నన్ను పింఛను తీసుకునే పెద్దమనిషిలా చూసేది.

రెండేళ్ళ తర్వాత నాకు పెళ్ళి కుదిరింది. మచ్చ బొల్లారంలో ఇల్లు చూసుకున్నాం. మేడమ్‌ను తీసుకెళ్ళడం గురించి నాకు అనుమానమే లేదు. మూత ఉన్న మంచి వెదురు బుట్ట కొన్నాను, లోపల పాత తువ్వాలు పరిచాను. సామాను ట్రాలీకి ఎక్కించాక, బుట్ట పట్టుకుని అవ్వ దగ్గరికి వెళ్ళి, "మేడమ్‌ని నాతో తీసుకుపోతానవ్వా" అన్నాను.

అవ్వ ఒళ్ళో పడుకున్న పిల్లిని రెండు చేతులా దగ్గరికి లాక్కుంది. "ఏందీ? నా పిల్లిని నీకెందుకిస్త? సలికాలం నా మోకాళ్ళ మీద ఎవలు పంటరు, నువ్వు పంటవా?"

కంట్లో చుక్కలు వేసిందెవరు, గీతలు పడ్డదెవరికి, ఎలుకలు మోసిందెవరు అని ఎన్నో అడగాలనిపించింది. మేడమ్ కళ్ళు కూడా తెరవలేదు. ఖాళీ బుట్ట ఒళ్ళో పెట్టుకుని డ్రైవరు పక్కన ఎక్కి, బొల్లారం దాకా మూతి ముడుచుకుని కూర్చున్నాను. ఆ కుర్రాణ్ణి ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది, కాస్త ముద్దు కూడా వస్తాడు. ఎవరికీ పట్టని పిల్లి కోసం అన్ని అబద్ధాలాడి, చివరికి దాని మనిషే దాన్ని నాది అని హత్తుకుంటే, తనకేదో అన్యాయం జరిగిపోయినట్టు మొహం పెట్టాడు పిచ్చి సన్నాసి. బుట్ట మాత్రం వృథా కాలేదు. మా ఆవిడ అందులో ఉల్లిపాయలు పోసింది, ఇప్పటికీ అందులోనే పోస్తోంది.