మావయ్యగారి ఎడమ పక్క

డబుల్స్ ఆడేవాళ్లని ఎవరూ గుర్తుపెట్టుకోరు. సింగిల్స్ వాళ్లకి పేరూ, ఫొటో, పూలదండా. మాకేమో "ఆ ఇద్దరూ బాగా ఆడతారు" అన్న మాట. అయినా నాకు డబుల్సే ఇష్టం. గుడివాడ కాలేజీలో చదివినన్నాళ్లూ అదే ఆడాను. తొంభైల మధ్యలో పెళ్లయి బందరు వచ్చేటప్పుడు, మా దివిసీమ నుంచి తెచ్చిన సారె సామాను మధ్యలో నా షటిల్ రాకెట్టు కూడా దాచి తెచ్చుకున్నాను. మా అత్తగారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "మీ వైపు అప్పడాలు దీంతో తీస్తారా అమ్మా?" అన్నారు. నవ్వేశాను గానీ మనసు చివుక్కుమంది. రాకెట్టు అటకెక్కింది.

మావయ్యగారిది చిలకలపూడిలో గిల్టు నగల పని. పగలంతా రాళ్లూ, తీగలూ, పనివాళ్లతో కేకలూ. తెల్లారుజామున మాత్రం క్లబ్బుకి వెళ్లి షటిల్ ఆడేవారు. ఏళ్ల తరబడి ఆయనకి జతగా ఆడిన లెక్చరరు గారు రిటైరై గుంటూరులో కూతురి దగ్గరికి వెళ్లిపోయారు. ఆ తర్వాత చాలా రోజులు మావయ్యగారికి అన్నం సయించలేదు. ఓ మధ్యాహ్నం నేను పెరుగు వడ్డిస్తుంటే, తలెత్తకుండానే అడిగారు.

"అమ్మాయ్, ఆ రాకెట్టు ఎక్కడ పెట్టావ్?"

మా అత్తగారు చేతిలో గరిటె కింద పెట్టేశారు. "కోడలితో ఆటలేమిటండీ? ఊరంతా నవ్విపోతారు."

"నవ్వనీ. నేను పక్కనుండగా దాన్ని ఎవరేమంటారు?"

మా ఆయనకి ఆటంటే టీవీలో వచ్చే క్రికెట్టే. తల్లి వైపోసారీ తండ్రి వైపోసారీ చూసి, మజ్జిగ పోసుకున్నారు. చివరికి మా అత్తగారు ఒక షరతు మీద ఒప్పుకున్నారు. మావయ్యగారితోనే వెళ్లాలి, ఆయనతోనే రావాలి. ఆయన ఆట మానేసిన రోజున నేనూ మానెయ్యాలి.

మిక్స్‌డ్ డబుల్స్‌లో ఆడవాళ్లు వల దగ్గర, మగవాళ్లు వెనక. అంటే ఆట ఆడినంతసేపూ నేను మావయ్యగారికి వీపు పెట్టి నిలబడాలి. ఇంట్లో ఆయన హాల్లో ఉంటే అటు నుంచి వెళ్లడానికే మొహమాటపడేదాన్ని. అందుకని మొదటి రోజు వలకీ ఆయనకీ మధ్య ఏటవాలుగా నిలబడ్డాను. ఎటూ కాకుండా పోయాను. కాసేపటికి నా రాకెట్టు అంచు ఆయన భుజానికి తగిలింది. పెద్దవాళ్లకి ఏదైనా తగిలితే వెంటనే దండం పెట్టడం మా ఇంట్లో నేర్పిన అలవాటు. చటుక్కున వంగి ఆయన కాళ్లకి దండం పెట్టాను. షటిల్ ఇంకా గాల్లోనే ఉంది. అది వచ్చి సరిగ్గా నా వీపు మీద పడింది. అవతల ఆడుతున్న డాక్టర్లిద్దరూ కింద కూలబడి మరీ నవ్వారు.

"దీర్ఘసుమంగళీభవ. ఇహ లే, సర్వీసు వాళ్లది" అన్నారు మావయ్యగారు.

ఆ తర్వాత చాలా ఏళ్లు ఆడాం. బాబు పుట్టినప్పుడు నేను ఆగిపోతే, నేను తిరిగి వచ్చేదాకా ఆయన ఇంకెవరితోనూ జట్టు కట్టలేదు. అవనిగడ్డ, గుడివాడ, ఎక్కడ పోటీ పెట్టినా వెళ్లేవాళ్లం. వెనక ఆయన బూట్ల చప్పుడుని బట్టి ఎక్కడున్నారో, ఏది కొడతారో నాకు తెలిసిపోయేది. ఆయన్ని అంత దగ్గరగా మా ఆయన కూడా ఎరగరు.

అందుకే ఆ సంగతి ముందు నాకే తెలిసింది. ఎడమ వైపు వచ్చిన షటిళ్లని ఆయన కదలకుండా వదిలేస్తున్నారు. వయసు కదా అనుకున్నాను. ఓ రోజు ఇంట్లో ఆయనకి ఎడమ పక్కన కాఫీ గ్లాసు పెట్టాను. చెయ్యి తగిలి ఒలికిపోయాక గానీ అది అక్కడుందని ఆయనకి తెలియలేదు. ఎడమ కన్ను కనబడట్లేదని అప్పుడర్థమైంది. కానీ నోరెత్తలేదు. ఆటంటే ఆయనకి ప్రాణం. తెలిస్తే మా ఆయన ఆ రోజే మాన్పించేస్తారు. కొద్దికొద్దిగా నేనే ఎడమ వైపు జరిగి, అటు వచ్చినవన్నీ కొట్టడం మొదలుపెట్టాను.

క్లబ్బులో గుసగుసలు బయల్దేరాయి. కోడలికి పొగరెక్కిందట, పెద్దాయన్ని ఒక్క షాటూ కొట్టనివ్వడం లేదట. అది మా అత్తగారి దాకా వచ్చింది.

"పెద్దవాళ్లకి ఒకటీ అరా వదలాలమ్మా" అన్నారు.

ఒళ్లు మండింది. "అలాగేనండీ" అన్నాను.

ఆ ఏడాది గుడివాడ పోటీల్లో మా అవతల కుర్ర జంట పడ్డారు. గడుసువాళ్లు. కాసేపటికే కనిపెట్టేసి అన్నీ ఆయన ఎడమకే కొట్టడం మొదలెట్టారు. నేను పరిగెత్తి పరిగెత్తి అలిసిపోయాను. ఒకటి నన్ను దాటి దూసుకెళ్లింది. వెనక్కి తిరిగేసరికి మావయ్యగారు చేత్తో మొహం కప్పుకుని నిలబడి ఉన్నారు. కుడి కంటికి కాస్త పైన, కనుబొమ మీద తగిలింది.

"ఏం కాలేదు, ఆడదాం" అన్నారు. నేను ఒప్పుకోలేదు. అవతలి వాళ్లతో చేతులు కలిపేసి వచ్చేశాను.

తిరుగు బస్సులో గుడ్లవల్లేరు దాటాక అడిగాను. "మావయ్యగారూ, ఆ కన్ను ఎన్నాళ్ల నుంచి కనబడట్లేదు?"

ఆయన కిటికీ వైపు తిరిగారు. "రెండేళ్లయిందమ్మా. విజయవాడలో చూపించాను. నీటికాసులట, కంట్లో ఒత్తిడి పెరిగే జబ్బు. పోయిన చూపు రాదు, రెండోది పోకుండా చుక్కలు వేసుకోమన్నారు."

"మరి ఆడొచ్చన్నారా?"

ఆయన జేబులోంచి చుక్కల మందు సీసా తీసి చూపించారు.

"ఆట సంగతి ఏమన్నారండీ?"

"మానెయ్యమన్నారు. ఉన్న కంటికి దెబ్బ తగిలితే మిగిలేదేం లేదన్నారు."

"తెలిసీ ఎందుకు ఆడుతున్నారు?"

"నేను మానేస్తే నిన్నెవరు పంపుతారే?"

ఆయన ఆట పోకూడదని నేను నోరు మూసుకున్నాను. ఆయనేమో నా ఆట కోసం ఉన్న ఒక్క కన్నూ పణంగా పెట్టారు. నన్ను కన్నవాళ్లు కూడా నా ఆటని అంత పెద్దగా చూడలేదు. ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి.

"మీకు బుద్ధుందా అసలు!" అని గట్టిగా అరిచేశాను.

బస్సంతా ఇటు తిరిగింది. మావయ్యగారు తల దించుకుని, "లేదమ్మా" అన్నారు. వాచిన కనుబొమ మీద నా చున్నీ తడిపి అద్దాను. పెడన వచ్చేదాకా ఇద్దరం ఏడుస్తూనే ఉన్నాం.

ఆ సాయంత్రం ఆయనే అందర్నీ కూర్చోబెట్టి చెప్పేశారు. మా ఆయన కేకలేశారు. మా అత్తగారు లేచి వంటింట్లోకి వెళ్లిపోయారు. ఇక నా ఆట అయిపోయినట్టే అనుకున్నాను. బాధగానే ఉంది, కానీ మావయ్యగారి కన్ను నిలిచింది కదా అని సర్దిచెప్పుకున్నాను.

తెల్లారుతూనే ఎవరో నా భుజం పట్టి కుదుపుతున్నారు. కళ్లు తెరిస్తే మా అత్తగారు. స్నానం చేసి, బయటికి కట్టే చీర కట్టుకుని ఉన్నారు.

"లేమ్మా, క్లబ్బుకి టైమైపోతోంది."

"ఎవరితో వెళ్తానండీ?"

"ఆయన రాకపోతే నేను లేనా?"

కొత్తగా ఊరికొచ్చిన టీచరమ్మ ఒకావిడ నాకు జత కుదిరింది. మేం ఆడుతుంటే మా అత్తగారు బెంచీ మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలిచేవారు. ఏ పాయింటు ఎవరిదో ఎన్నేళ్లయినా ఆవిడకి తెలియలేదు. మేం ఇంటికొచ్చేసరికి మావయ్యగారు కంట్లో చుక్కలు వేసుకుని, వీధి గుమ్మంలో నిలబడి ఉండేవారు.

"ఎవరు గెలిచారు?" అని అడిగేవారు.

నేను నోరు తెరిచే లోపే మా అత్తగారు "మనమే" అనేవారు. చిత్తుగా ఓడిపోయి వచ్చిన రోజున కూడా.