నొప్పా అవ్వా?

కోయిలకుంట్ల దగ్గర మా ఊళ్లో సేవ చేయడానికి జర్మనీ నుంచి వచ్చిన అమ్మాయి ఏడాదిపాటు మా ఇంట్లోనే ఉంది. ఆమెకు బాగా పట్టుబడిన తెలుగు మాట "నొప్పా?" ఒక్కటే. పక్షవాతంతో మంచం పట్టిన పక్కింటి అవ్వ కాలు బిగుసుకుపోకుండా రోజూ మెల్లగా వంచి, చాపేది. ముందు తన అరచేతులు రుద్దుకుని వెచ్చచేసుకుని, "నొప్పా అవ్వా?" అని అడిగేది. అవ్వ పళ్లు బిగబట్టి "లేదులే" అనేది.

తిరుగు ప్రయాణానికి పెట్టె సర్దుకుంటూ, ఆ పని అవ్వ కోడలికి నేర్పాలని చూసింది.

"తెల్లారకముందే మిరపకాయలు కోసేకి పోతాండా. నాకు యాడ కుదుర్తాదమ్మా?" అంది కోడలు తల వంచుకుని. అందులో అబద్ధం లేదు.

చివరి రోజు ఎప్పటిలాగే మేమిద్దరం వెళ్తే, అవ్వ దుప్పటి కాళ్ల మీదికి లాక్కుంది.

"ఈ పొద్దు వద్దులే తల్లీ. రేపట్నించి ఎట్లా ఉండల్లనో ఇప్పుడే అలవాటు చేసుకుంటా."

ఆ మాట నేను ఇంగ్లీషులో చెప్పాను. ఆ అమ్మాయి దుప్పటి ముట్టుకోలేదు. బస్సు వేళయ్యేదాకా మంచం పక్కన నేల మీదే కూర్చుంది.

ఎండాకాలం దాటేలోపు అవ్వ కాలు మోకాలి దగ్గర ముడుచుకుపోయి, ఇక చాపినా రాలేదు. ఆ అమ్మాయి ఫోన్ చేసి అవ్వ ఎలా ఉందని అడుగుతుంది. ఉంది అంటాను.