ఉడుంపట్టు కట్టిన పెట్టె

మా షెడ్డులో మా అక్కను అందరూ ఉడుంపట్టు అంటారు. ఆ పేరు పెట్టింది మా ఓనరు. అక్క ఎదురుగా అడిగితే మాత్రం, పెట్టింది నేనని నా మీదికి తోసేస్తాడు. మాది దుకాణాలకు బోర్డులు తయారుచేసే షెడ్డు. నేను అక్షరాలు అతికిస్తాను, అక్క బోర్డులను పొరుగూళ్ళకు పంపడానికి పెట్టెల్లో కడుతుంది.

ఆ కట్టడం చూసి తీరాలి. బోర్డు ముఖానికి మెత్తటి ఫోమ్ షీటు, పైకి పొడుచుకొచ్చిన అక్షరాల సందుల్లో థర్మాకోల్ ముక్కలు, మూలలకు అట్ట తొడుగులు, మీద బుడగల కవరు, ఆపైన దళసరి అట్టపెట్టె, చుట్టూ చెక్క పట్టీలు. అంతా అయ్యాక పెట్టెను ఊపి చెవి ఆనిస్తుంది. లోపల ఏ కాస్త కదిలినా మొత్తం విప్పి మళ్ళీ మొదలు. పెట్టె నోరెత్తకూడదట. తను మాత్రం పొద్దస్తమానం ఎత్తుతూనే ఉంటుంది.

ఆమె కట్టిన బోర్డు పగిలిందన్న మాట నేనింతవరకూ వినలేదు. తెరవలేక చచ్చామన్న మాట మాత్రం వింటూనే ఉంటాను. ఒక సెలూన్ ఆయన ఫోన్ చేసి, "మీ పెట్టె తెరిచేసరికి నా కత్తెరలన్నీ మొద్దుబారిపోయాయమ్మా" అని వాపోయాడు. అక్క నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుంది.

"పగిలితే నన్ను తిడతారు. తెరవలేకపోతే వాళ్ళను వాళ్ళే తిట్టుకోవాలి" అంది.

అలాంటి మనిషికి ఒక్కగానొక్క కూతురు. చిన్నప్పటి నుంచీ ఆ టేపుల మధ్యే పెరిగింది. తర్వాత తన చోటు కూతురిదేనని అక్క మనసులో రాసిపెట్టుకుంది. ఆ పిల్లేమో పక్క ఊళ్ళో కుట్టుపని షాపు పెడతానంది. "నీకు అంత ఓపిక ఎక్కడిదే? నెల తిరక్కుండా మూటాముల్లె సర్దుకుని వస్తావు" అంది అక్క. "అయితే నీకు ఫోన్ కూడా చెయ్యను" అంది కూతురు. "చేస్తే ఎత్తేదెవరు?" అంది తల్లి. అంతే, ఆ పిల్ల ఆ ఊరికి వెళ్ళిపోయింది, మాటలు బంద్.

మధ్యలో నేను అడకత్తెరలో పోకచెక్కనయ్యాను. ఈవిడేమో "అది తింటోందా?" అని అడుగుతుంది. ఆ పిల్లేమో "పిన్నీ, అమ్మకు మోకాలి నొప్పి తగ్గిందా?" అంటుంది. మీరిద్దరూ మాట్లాడుకుని చావండి అని చిలక్కి చెప్పినట్టు చెప్పాను. ఎవరు వింటారు? ఇలాగే ఉంటే ఈ ఇద్దరూ జన్మలో కలవరేమోనని నాకు నిజంగానే భయం పట్టుకుంది.

ఇంతలో ఆ పిల్ల తన షాపుకు బోర్డు మా దగ్గరే చేయించుకుంది. ఆ ఊళ్ళో బోర్డులు చేసేవాళ్ళు లేరా అంటే, వీధికొకడున్నాడు. అక్క బోర్డు తీసుకుని కట్టడానికి కూర్చుంది. పొర మీద పొర, పట్టీ మీద పట్టీ. "ఇనప్పెట్టె కడుతున్నావా?" అన్నాను. "నీ పని నువ్వు చూసుకో" అంది.

షాపు తెరిచే ముందురోజు పొద్దున్నే నాకు ఫోన్.

"పిన్నీ, పెట్టె తెరుచుకోవడం లేదు. ఏం చెయ్యాలో అడుగు."

అక్క నా పక్కనే ఉంది. "బ్లేడు పెట్టొద్దని చెప్పు. బోర్డు గీసుకుపోతుంది" అంది.

"మరెలా తెరవాలట?"

"ఫోన్లో చెప్పేది కాదని చెప్పు" అంటూ అక్క చెప్పులు వేసుకుంటోంది. కట్టర్ అప్పటికే సంచిలో ఉంది.

బస్సు దిగి వెళ్ళేసరికి షాపులో ఒక కుట్టుమిషను, ఒక నిలువుటద్దం, గోడకు ఆనించిన మా పెట్టె. తల్లీకూతుళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. అక్క పెట్టె ముందు కూర్చుని టేపు మీద చెయ్యి పోనిచ్చింది. చెయ్యి ఒకచోట ఆగింది.

నేను వంగి చూశాను. టేపు కింద నీలం దారప్పోగు ఒకటి ఇరుక్కుని ఉంది. మా షెడ్డులో దారమన్నదే ఉండదు. పెట్టెను ఎవరో విప్పారు, బోర్డు చూసుకున్నారు, మళ్ళీ అచ్చం అక్క కట్టినట్టే కట్టేశారు. అలా కట్టడం అక్క దగ్గర నేర్చుకున్నది ఒక్కతే. పని మానుకుని బస్సులో పడి వచ్చినందుకు నాకు ఒళ్ళు మండింది. "ఏమే..." అని మొదలుపెట్టేలోగా అక్క నా కాలు తొక్కింది.

కూతురు తేలు కుట్టిన దొంగలా నిలబడి, "కష్టమా అమ్మా?" అంది.

"చాలా గట్టిగా కట్టాను. చీకటి పడుతుందేమో" అంది అక్క.

"పడితే పడనీ. పడుకోవడానికి చోటుంది."

కోపమంతా పోయి నాకు కళ్ళు చెమర్చాయి. సంచిలోంచి కట్టర్ తీసి అక్కకు అందించబోయాను. అక్క దాన్ని మళ్ళీ సంచిలోకే నెట్టేసి, గోటితో టేపు అంచు వెతకడం మొదలుపెట్టింది.