ఆయన రివాల్వర్, చిన్న పిస్తోలు, జన్నారం అడవి దారి

నేను పదో తరగతి వరకు చదువుకున్నదాన్ని. పూజ పుస్తకాలు తప్ప వేరేవి చదివింది తక్కువ, రాసింది అసలే లేదు. ఇప్పుడు ఎందుకు రాస్తున్నానంటే, ఈ ప్రయాణానికి ముందు వారం రోజులు ఫోన్లో వెతికాను. భర్త పోయాక ఆయన లైసెన్సు తుపాకీ తన పేరు మీదికి వచ్చిన ఆడమనిషి ఏం చేయాలో ఎక్కడా దొరకలేదు. అన్నీ నల్లకళ్లద్దాల మగపిల్లల వీడియోలే. నాలాంటి వాళ్లు ఇంకా ఉంటారు కదా, వాళ్లకైనా పనికొస్తుందని కూర్చున్నాను. టైపు చేసి పెట్టింది మా చెల్లె బిడ్డ.

మా ఇల్లు కరీంనగర్‌లో. మా పెట్రోల్ బంకు మాత్రం ఆదిలాబాద్ జిల్లాలో, ఉట్నూర్ దాటాక రోడ్డు పక్కన. మా ఆయన ఉన్నన్ని రోజులు వారానికి రెండుసార్లు అటూ ఇటూ తిరిగేవారు. డబ్బు వెంట ఉంటుందని ఎప్పుడో రివాల్వర్‌కు లైసెన్సు తీసుకున్నారు. నాకు దొంగల కంటే దాని భయమే ఎక్కువ. ఎన్నికలు వచ్చినప్పుడు లైసెన్సు తుపాకులన్నీ పోలీస్ స్టేషన్‌లో అప్పగించాలి. ఆ రోజుల్లోనే నాకు కంటి నిండా నిద్ర పట్టేది. ఆయన పోయాక దాన్ని ఆదిలాబాద్‌లో తుపాకులు అమ్మే శేట్ దగ్గర భద్రంగా పెట్టించాం. ఈమధ్య లైసెన్సు నా పేరు మీదికి మారింది. ఇక దాన్ని తెచ్చుకోవడమో, మార్చుకోవడమో, వదులుకోవడమో నేనే తేల్చాలి.

బంకు ఇప్పుడు మా మరిది మల్లేశం చూస్తున్నాడు. లెక్కలకు నేనూ పోయి వస్తుంటాను. "వదినా, అన్న రివాల్వర్ బరువైతది. చిన్న పిస్తోలు తీస్కో, సంచిల పడుంటది. ఆడమనిషివి, గా అడవి తొవ్వల ఉట్టి చేతులతోని తిరుగుతవా?" అని రోజూ ఫోను. అతను చెప్పేది తప్పని అనలేను. అట్లాగని ఆ ఇనుమును మళ్లీ ఇంట్లోకి తెచ్చుకోవడమంటే నాకు ముద్ద దిగలేదు.

శుక్రవారం తెల్లవారుజామున తలస్నానం చేసి, దుర్గమ్మ దగ్గర దీపం పెట్టి, ఐదింటికి మల్లేశం కారులో బయలుదేరాం. కరీంనగర్ నుంచి ఆదిలాబాద్‌కు రెండు దారులున్నాయి. జగిత్యాల, ఆర్మూర్, నిర్మల్ మీదుగా పోయేది పెద్ద రోడ్డు, కానీ చుట్టు. చొప్పదండి, ధర్మారం, లక్షెట్టిపేట, జన్నారం, ఉట్నూర్ మీదుగా పోతే దగ్గర. మా ఆయన ఎందుకో ఆ పెద్ద రోడ్డునే పోయేవారు, నేనూ మల్లేశం ఎప్పుడూ పోయేది ఈ రెండోదే. రాయపట్నం వంతెన మీద కారు ఆపించి గోదారమ్మకు దండం పెట్టుకున్నాను. జన్నారం దాటాక పులుల అడవి. చెక్‌పోస్టు దగ్గర బండి నంబరు రాసుకుని వదిలారు. రోడ్డు సన్నం, మలుపులు ఎక్కువ, కానీ పొద్దున పూట చల్లగా హాయిగా ఉంటుంది. దారిలో టిఫిన్ బండి దగ్గర మల్లేశం ఆపాడు కానీ నేను చాయ్ కూడా ముట్టలేదు.

తొమ్మిదిన్నరకు ఆదిలాబాద్ ఊరి బయట ఉన్న షూటింగ్ రేంజ్‌కు చేరాం. ముందే ఫోన్ చేసి చెప్పుకోవాలి, లైసెన్సు, ఆధార్ తీసుకుపోవాలి. నేర్పే ఫీజు, గుండ్ల ఖర్చు కలిపి రెండు వేల చిల్లర అయింది. నేర్పించే ఆమె శాంతక్క, పోలీసు శాఖలో చేసి రిటైరైంది. మల్లేశం కొనమన్న రకం చిన్న పిస్తోలు రేంజ్‌లోనే ఉంది. అది నా చేతికి ఇచ్చేముందు ఆమె ఒకటే అడిగింది.

"అక్కా, దీన్ని యాడ పెట్టుకుంటవ్?"

"హ్యాండ్‌బ్యాగులో."

"బ్యాగే గుంజుకపోతే?"

నేను బ్యాగును ఒళ్లోకి లాక్కున్నాను. శాంతక్కే చెప్పింది. "ఒంటి మీదనే ఉండాలె. కుచ్చిళ్ల కాడ పెడితే కూసున్నప్పుడల్ల పొట్టకు గుచ్చుతది. పైట కింద పెడితే నువ్వు తీసేటాళ్లకు దొంగ నిర్మల్ దాటుతడు."

మల్లేశం నవ్వబోయి ఆమె ముఖం చూసి ఆగాడు.

కొనాలనుకునేవాళ్ల కోసం నాకు తెలిసినంత చెబుతాను. చిన్న పిస్తోలు అరచేతిలో ఇమిడిపోయింది, బరువు తెలియలేదు. కానీ పిడి పొట్టిగా ఉండి చిటికెన వేలికి చోటు చాలలేదు. మొదటి గుండు లోపలికి పోవాలంటే పైనున్న ఇనుప తొడుగును గట్టిగా వెనక్కి గుంజాలి. కీళ్లనొప్పులున్న నా చేతికి అది రెండుసార్లు జారింది. తేలికగా ఉంది కదా అని మురిసిపోయాను గానీ, ఆ తేలికవల్లే పేల్చినప్పుడు చెయ్యి ఎగిరిపడింది. గురి చూసే ముక్క చిన్నది, నా కళ్లద్దాల్లో మసకగా కనిపించింది. తర్వాత రేంజ్‌లోని పెద్ద రివాల్వర్ కూడా ఇచ్చారు. బరువే, కానీ కుదురుగా ఉంది, గుంజే పని లేదు. "వెంట పట్టుకపోనీకి చిన్నది, నేర్సుకోనీకి పెద్దది. అయితే నెలకు రెండుసార్లన్న వచ్చి కాల్చకపోతే ఏదైన ఒకటే" అంది శాంతక్క.

విచిత్రం ఏమిటంటే, అమ్మవారిని తలుచుకుని ఊపిరి బిగబట్టి కాలిస్తే నా గుండ్లు చాలావరకు కాగితానికే తగిలాయి. మల్లేశం కూడా సరదా పడ్డాడు. అతనివన్నీ వెనక మట్టికట్టకు పోయాయి.

"మల్లేశన్నా, మట్టి సచ్చిపోయింది, ఇగ చాలు" అంది శాంతక్క.

వాళ్లు నవ్వుతుంటే నేను కాగితంలోని చిల్లులు లెక్కపెట్టాను. చేతకాదని తప్పించుకునే దారి కూడా పోయింది. చేతనైంది కదా, ఇక తీసుకోక తప్పదని మనసులో అనుకున్నాను.

అక్కడి నుంచి శేట్ దుకాణానికి పోయాం. ముసలాయన, మరాఠీ కలిసిన మాట. నన్ను వహినీ అంటాడు, అంటే వదినా అని. పాతది తీసుకుని చిన్నది ఇస్తానన్నాడు. ముందే ఒక మాట చెప్పాడు. "వహినీ, తీస్కుంటే మాత్రం వాపస్ నిర్మల్ మీదికెళ్లి పోండ్రి. జన్నారం దిక్కు పులుల అడవి ఉన్నది. లైసెన్సు ఉన్నా సరే, పర్మిషన్ లేకుండ గా అడవిలకు తుపాకి తీస్కపోవద్దు." ఆ ఇనుముతో పాటు నా దారి కూడా మారిపోతుందన్నమాట.

తర్వాత మా ఆయన రివాల్వర్ ఉన్న పెట్టెను శేట్ తెచ్చి బల్ల మీద తెరిచాడు. ఒక్క దసరా రోజున తప్ప నేనెప్పుడూ దాన్ని అంత దగ్గరగా చూడలేదు. దసరాకు ఆయుధపూజలో దాన్ని పీట మీద పెట్టి, పసుపు నీళ్లు చల్లి, గంధం, కుంకుమ బొట్లు పెట్టేదాన్ని. పిడి మీద ఒకటి, గొట్టం మీద ఒకటి, గుండ్లు పెట్టే చక్రం చుట్టూ వరుసగా. శేట్ ఆ చక్రాన్ని బొటనవేలితో తిప్పబోయాడు. కదల్లేదు. ట్రిగ్గర్ నొక్కాడు. అదీ కదల్లేదు. సందుల్లో పసుపు, కుంకుమ, దీపం నూనె కలిసి ఎండి బంకలా పట్టి ఉన్నాయి.

"చూసినవా, మూలకు పెడితే ఖరాబైంది" అన్నాడు మల్లేశం.

"ఇప్పటిది గాదు భాయ్" అన్నాడు శేట్. "మీ అన్న ఉన్నప్పుడే గిట్లున్నది. ఒకసారి తెచ్చిండు. సాఫ్ చేస్త అని నేనన్న. 'మా ఇంట్లామె పెట్టిన బొట్టు, తుడువకు శేట్' అన్నడు. 'అరే, అవసరం పడితే పేలది గద' అని నేనన్న. నవ్విండు. 'గందుకే దీన్ని పట్టుకొని తిరుగుడు నాకు ధైర్యం' అన్నడు."

"అంటే అన్న గిన్నేండ్లు గీ పేలని దాన్ని నడుముకు కట్టుకొని తిరిగిండా?" అని మల్లేశం నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వీ నవ్వీ తువ్వాలుతో కళ్లు తుడుచుకున్నాడు. నాకు నవ్వూ ఏడుపూ రాలేదు. ఎన్నో ఏళ్లుగా ఛాతీ మీద ఉన్న రాయి ఎవరో ఎత్తి పక్కన పెట్టినట్టు ఊపిరి ఆడింది. ఎంత భయపడ్డాను దానికి! ఆయనా భయపడ్డారని ఇప్పుడు తెలిసింది. డబ్బుంటే పొద్దు కూకకముందే బయలుదేరేవారు. ఒంటరిగా పోయేవారు కాదు, బంకు పిల్లల్లో ఒకరిని ఎక్కించుకునేవారు. ఆయన్ను ఇంటికి చేర్చింది ఆ జాగ్రత్త, ఆ తల్లి దయ.

"శేట్, చిన్నది వద్దు. ఇది మీరే తీసుకోండి. లైసెన్సు రద్దుకు ఏమేం కావాలో చెప్పండి" అన్నాను. నా గొంతు నాకే గట్టిగా వినిపించింది. మల్లేశం అడ్డు చెబుతాడనుకున్నాను. "ఇగ బంకు పైసలు ఏ రోజుయి ఆ రోజు అక్కడి బ్యాంకులనే కడుత వదినా. నీ వెంట పైసలే లేకుంటే పిస్తోలుతో పనేంది?" అన్నాడు.

తిరుగు దారిలో గుడిహత్నూర్ దగ్గర చిన్న హోటల్లో ఆగాం. కట్టెల పొయ్యి మీద జొన్న రొట్టెలు, దంచిన పచ్చిమిర్చి, ప్లేటు ఎనభై రూపాయలు. రెండు తిని మూడోది అడిగితే వండే ఆమె, "పొద్దటిసంది తిన్లేదా అవ్వా?" అంది. "శానా రోజులైంది బిడ్డా" అన్నాను.

మల్లేశం నన్ను అడగకుండానే కారును ఉట్నూర్ దారికి తిప్పాడు. అడవి చెక్‌పోస్టు దగ్గరికి వచ్చేసరికి ఇంకా వెలుగుంది. గార్డు పిల్లవాడు వంగి చూసి, "సంచిల ఏమున్నది అమ్మా?" అన్నాడు. "కుంకుమ పొట్లం, కళ్లద్దాలు" అన్నాను. గేటు ఎత్తాడు.

తుపాకీ ఉంచుకున్న ఆడవాళ్లను నేను తప్పుపట్టను. ఎవరి దారిలో ఏ భయం ఉందో వాళ్లకే తెలుసు. కానీ కొనేముందు రేంజ్‌కు పోయి మీ చేతితో కాల్చి చూడండి, అది మీ ఒంటి మీద ఎక్కడ ఉంటుందో ముందే తేల్చుకోండి. పాతది ఇంట్లో ఉంటే తెలిసినవాళ్లతో తెరిపించి చూపించండి. ప్రయాణం గురించి ఒక్క మాట. తుపాకీ వెంట ఉంటే నిర్మల్ మీదుగా పోండి, లేకుంటే జన్నారం దారే హాయి, పగటిపూట దాటండి. నేను రాసిన ఈ నాలుగు మాటలు అవసరమున్నవాళ్లు దాచుకోండి. గ్రూపుల్లో పంపకండి, పదిమందికి చూపకండి. ఆయన నడుముకున్నది పేలదని బంకు దగ్గర మల్లేశానికి తప్ప ఎవరికీ తెలియదు. ఆయన గుట్టుగా మోసిన బొట్టు అది, గుట్టుగానే ఉండనివ్వండి.