రేకు బకెట్టులో మజ్జిగ

నా చిన్నప్పుడు ఒక వానాకాలమంతా నాకు తిండి రుచే తెలియలేదు. విరేచనాలు పట్టి ఎంతకీ వదలక చిక్కి సగమయ్యాను. చింతపండు పులుసైనా బెల్లమైనా నాలుకకు ఒకటే. మోకాలి మీద దెబ్బ మానేది కాదు. నేను ముద్ద పక్కకు తోసినప్పుడల్లా మా అమ్మ పైట చెంగుతో కళ్లు తుడుచుకునేది. నేను దక్కనేమోనని ఆమె భయం.

ఆంబూరులో కొత్త చెప్పుల ఫ్యాక్టరీలు లేస్తున్న రోజులవి. వాటికి గోడలు కట్టే మేస్త్రీ మా తాతయ్య. మేముండే గుడియాత్తం నుంచి వేలూరు ఆసుపత్రికి నన్ను బస్సులో ఆయనే తీసుకెళ్లాడు. డాక్టరమ్మ పరీక్షలు చేయించి, ఒంట్లో జింకు తగ్గినందుకే నాలుకకు రుచి తెలియడం లేదని సిరప్పు రాసిచ్చింది. ఆ మాట వినగానే తాతయ్య ముఖం వెలిగింది. జింకు ఆయనకు తెలియనిదా? పైకప్పు రేకులకు, నీళ్లు మోసే బకెట్లకు ఉండే పూత అదే.

"ఈ సీసాలో చుక్కలు యాడ చాలుతాయి? మనింట్లో కొత్త బకెట్టే ఉండాది గదమ్మా!" అన్నాడు నాతో, తిరుగు బస్సులో.

ఆ బకెట్టు కడిగి, పుల్ల మజ్జిగ పోసి, మర్నాటిదాకా ఉంచాడు. నేను గ్లాసు అందుకోబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఉండు పాపా, ముందు నేను తాగి చూస్తా."

చెంబుడు తాగాడు. కాసేపటికే కడుపు పట్టుకుని ఒకటే వాంతులు. ఆ రోజంతా మంచం దిగలేదు. అది నా పొట్టలోకి పోయుంటే నేను దక్కేదాన్నో కాదో.

మళ్లీ డాక్టరమ్మ దగ్గరికి వెళ్లి, జరిగింది దాచకుండా చెప్పాడు. ఆమె నవ్వలేదు. పులుపు తగిలితే ఆ పూత కరిగి ఒంటికి చెరుపు చేస్తుందని, మనకు కావాల్సింది రవ్వంతేనని చెప్పింది. సిరప్పు మానకుండా శనగలు, నువ్వులు, గుమ్మడి గింజలు, మాంసం పెట్టమంది. ఆనాటి నుంచి పనిలోంచి రాగానే, సిమెంటుకు పగిలిన వేళ్లతో గుమ్మడి గింజలు ఒలిచి నా అరచేతిలో పోసేవాడు.

ఒక సాయంత్రం శనగ గుగ్గిళ్లు నోట్లో వేసుకుని, "ఉప్పు ఎక్కువైపోయింది తాతా" అన్నాను. వంటింట్లోంచి అమ్మ పరుగెత్తుకొచ్చింది.

"ఇంకోసారి చెప్పు తల్లీ" అంటూ తాతయ్య ఏడ్చేశాడు.

ఇప్పటికీ పిల్లలకు ఏదైనా కొత్తది పెట్టేముందు నేను కాస్త నోట్లో వేసుకుని చూస్తాను. ఇక నా కూతురు కంచం ముందు ముఖం ముడిచి ఉప్పెక్కువైందంటే నాకు కోపం రాదు. ఇంకోసారి చెప్పమనాలనిపిస్తుంది.