అచ్చిరాదంట

ఒక మాటను మోస్తున్నాను. పదిహేనేళ్ళు దాటింది. రాయి అయితే ఏ గట్టు మీదో దించి ఊపిరి తీసుకునేవాణ్ణి. మాటను దించడానికి గట్టు ఉండదు. పైగా అది ఇప్పుడు నా ఒక్కడి దగ్గరే లేదు. నా నోట్లోంచి బయటపడి, నందిగామ బస్టాండు దాటి, వత్సవాయి దాటి, నేనెప్పుడూ చూడని ఇళ్ళలో బతుకుతోంది. బరువు మాత్రం నాకు మిగిలింది.

మీరెవరో నాకు తెలియదు. నా పేరు మీకు చెప్పడం లేదు. తెలిసినవాళ్ళకు చెప్పి చూశాను. నమ్మలేదు. అందుకే తెలియనివాళ్ళకు రాస్తున్నాను.

జగ్గయ్యపేటలో పాత బజారని ఒక సందు ఉంది. నేను పుట్టింది అక్కడే. ఇటు కంచర్ల కొలిమి, అటు సాలీల బట్టల కొట్టు, ఆ పక్కన గాజుల సాయిబు, వాళ్ళకెదురుగా మా కోమట్ల ఇళ్ళు, సందు మొదట్లో దూదేకుల మస్తాన్ పరుపుల అంగడి. పీర్ల పండక్కి మా నాన్న బిందెలతో పానకం కలిపించేవాడు. నా ఉయ్యాల పరుపు కుట్టింది మస్తాన్. దూది ఏకే విల్లు చప్పుడు వినపడకపోతే నేను నిద్రపోయేవాణ్ణి కాదని మా అమ్మ చెప్పేది. ఒకప్పుడు నైజాం వైపు నుంచి కూడా పెళ్ళివారు బళ్ళు కట్టుకొని ఆ సందుకే వచ్చేవారట. ఇది నేను విన్న మాట, చూసింది కాదు. అందుకే 'అట' అన్నాను. మా వైపు నోటిమాటలో అదే 'అంట'. ఈ చిన్నమాటను గుర్తుపెట్టుకోండి. నా తప్పంతా దాని వెనకే ఉంది.

లారీలు వచ్చాక ఆ సందుకు రోజులు చెడ్డాయి. సరుకు దింపాలంటే లారీ దూరదు. ఒక్కొక్కరే హైదరాబాదు రోడ్డు మీదికి వెళ్ళిపోయారు. మేమూ వెళ్ళాం. మా నాన్న పేటలో కొట్టుకు తాళం పెట్టి, నందిగామలో స్టీలు సామాను కొట్టు తెరిచాడు. నాకప్పటికి పెళ్ళయింది, కూతురు పుట్టింది. ముప్పై ఇంకా నిండలేదు. కొట్టు నా చేతికిచ్చి నాన్న వెనక కుర్చీలో కూర్చునేవాడు.

అప్పుడు మస్తాన్‌కు ఒక ఆలోచన వచ్చింది. మిగిలిన కొట్లవాళ్ళంతా కలిసి ఒక మాట మీదికి వచ్చారు. పెళ్ళికి కావలసినవన్నీ, పసుపు కొమ్ము నుంచి పట్టెమంచం మీద పరుపు దాకా, ఆ ఒక్క సందులోనే దొరకాలి. పెళ్ళివారు పొద్దున దిగితే సాయంత్రానికి పని ముగించుకొని పోవాలి. మధ్యాహ్నం భోజనం బజారువాళ్ళదే. గోడలకు సున్నాలు వేశారు. సందు పొడుగునా తాటాకు పందిరి వేశారు. మూతపడిన తలుపులు కొన్ని తెరుచుకున్నాయి. మా కొట్టు కూడా తెరవమని అడగడానికి మస్తాన్ నందిగామ వచ్చాడు. నన్ను అల్లుడా అని పిలిచేవాడు. మా నాన్న చూద్దామన్నాడు. అతను వెళ్ళిపోయాక నా వైపు తిరిగి, "చదువు లేకపోయినా ఆడి బుర్ర చూడు. ఇంత రోడ్డు మీద కూర్చొని నీకు ఒక్క ఆలోచన తట్టిందా?" అన్నాడు.

వ్యాపారం దెబ్బతింటుందన్న భయంతో ఆ మాట అన్నానని చాలా ఏళ్ళు నాకు నేనే చెప్పుకున్నాను. నిజమా? ఆ ఏడు మా కొట్టు బాగానే నడిచింది. మా నాన్న ఆ రోజు నన్ను ఆ మాట అనకపోతే నేను నోరు జారేవాణ్ణా? ఒక మనిషి బుద్ధిని నా ముందు మెచ్చుకున్నారన్న ఉక్రోషానికి ఒక బజారును బలిపెట్టానా? ఇంత చిన్న కారణం రాయాలంటే సిగ్గుగా ఉంది. కానీ దీనికంటే పెద్ద కారణం ఎంత వెతికినా దొరకలేదు.

వత్సవాయి నుంచి ఒక రైతు కుటుంబం వచ్చింది. పత్తి బాగా పండిన ఏడు. పెళ్ళికూతురి తల్లి బిందెలన్నీ తట్టి చూసింది. చివరికి లేచింది.

"మళ్ళీ వస్తాంలేవయ్యా. పేటలో పాత బజారు మళ్ళీ తీసారంట గదా. అన్నీ ఒక్కచోటేనంట. అన్నం కూడా పెడతన్నారంట."

"ఎల్లిరండి అక్కయ్యగారూ, మంచి సరుకే. మేం పుట్టి పెరిగిందీ అక్కడే." పెళ్ళిలో వసంతం కలిపే బిందెను గుడ్డతో తుడుస్తూ ఆగాను. "కాకపోతే..."

"కాకపోతే ఏంది?"

"ఏం లేదులెండి. పెద్దోళ్ళ మాటలు."

"సగం చెప్పి మింగుతావేందయ్యా, ఆడపిల్ల పెళ్ళి పెట్టుకొని ఉంటే."

"పెళ్ళి సామాను అక్కడ కొంటే అచ్చిరాదంట."

"ఎవరన్నారు?"

"ఎవరనేదేముందండీ, అనుకుంటా ఉంటారు."

ఆమె మళ్ళీ కూర్చుంది. బిందెలు మా దగ్గరే కొన్నది. పెళ్ళికూతురి పేరు కొట్టించుకొని వెళ్ళింది.

జరిగింది అంతే. అచ్చిరాదు అని నేను అనలేదు, చూశారా? అంట అన్నాను. ఎవరో అన్నారు, నేను విన్నాను, మీ మంచి కోరి చెప్పాను. ఆ 'అంట' వెనక ఒక మనిషి సుఖంగా దాక్కోవచ్చు. మా కొట్టులో చెంచా కొన్నా దాని మీద పేరు కొట్టి ఇచ్చేవాళ్ళం. ఆ మాటను మాత్రం పేరు కొట్టకుండా పంపించాను.

అక్కడితో ఆగి ఉంటే నోరు జారాననుకునేవాణ్ణి. ఆ ఎండాకాలంలో పరిటాల దగ్గర లారీ గుద్ది ఒక కొత్త పెళ్ళికొడుకు పోయాడు. కొట్లో ఎవరో ఆ సంగతి చెప్పుకొని అయ్యో అంటుంటే, నేను తల కూడా ఎత్తకుండా, "వాళ్ళు పెళ్ళి సామాను ఎక్కడ కొన్నారో?" అన్నాను. ఇంకేమీ అనలేదు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అప్పటికే ఆ మాట వాళ్ళ చెవిన పడి ఉంది.

ఆ పోయినతని పెళ్ళాం పరుపు మస్తాన్ దగ్గర కుట్టించుకున్న మాట నిజమే. కానీ బిందెలు, గంగాళం, పళ్ళేలు మా కొట్టువి. వాటి మీద పేరు నేనే దగ్గరుండి కొట్టించాను. పరుపు అచ్చిరాకపోతే బిందె అచ్చొచ్చిందా? ఈ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. అడగరని నాకు తెలుసు.

మరుసటి ఏడు పెళ్ళిళ్ళకు ఆ పందిరి కింద వండిన అన్నం మిగిలిపోయింది. ఆపై పందిరి విప్పేశారు. కంచర్ల అన్నదమ్ములు విజయవాడలో పనికి కుదిరారు. మస్తాన్ విల్లు భుజాన వేసుకొని ఊరూరా తిరిగి పాత పరుపులు ఏకడం మొదలుపెట్టాడు. నందిగామ వస్తే మా కొట్టు అరుగు మీద కూర్చునేవాడు. నేను టీ తెప్పించేవాణ్ణి. ఒకసారి గ్లాసు దించి, "ఎవడో నోటిదూల గాడు అనుంటాడు అల్లుడా. ఆడు కూడా మర్చిపోయుంటాడు," అని నవ్వాడు. నేను ఇంకో టీ తెప్పించాను. ఆ నవ్వు ముందు చెప్పేసి ఉంటే? చెప్పలేదు. అతను పోయి ఆరేళ్ళయింది.

ఆ మాట పోలేదు. పోనీ అని ఊరుకోలేదు నేను. ఒకసారి పేట బస్సులో పక్కసీటాయన ఆ బజారు కథ చెప్పాడు. ఎప్పుడో ఒక పెళ్ళికూతురు అక్కడే కూలబడి చనిపోయిందట, పోతూ పోతూ శాపం పెట్టిందట. అటువంటిదేమీ జరగలేదు, నాది ఆ బజారే అన్నాను. ఆయన జాలిగా చూశాడు. "మీరు చిన్నప్పుడే వచ్చేసుంటారు. మీకు తెలీదులెండి," అన్నాడు. గట్టిగా అరవాలనిపించింది. నేను కన్న బిడ్డను పట్టుకొని నాకు తెలియదంటాడు.

పోయిన ఏడు మస్తాన్ కొడుకు సైదులు వచ్చాడు. బజారును మళ్ళీ నిలబెట్టాలని నలుగురు కుర్రాళ్ళు పూనుకున్నారు. ఈసారి చిన్న వ్యాన్లు ఉన్నాయి, సరుకు దింపడానికి అడ్డంకి లేదు. తాతల నాటి చెక్కడపు తలుపులకు రంగులు వేయిస్తున్నారు. అన్నీ ఉన్నాయి, ఆ మాట ఒక్కటే అడ్డం.

"మీ అమ్మాయి పెళ్ళంట గదా బావా," అన్నాడు. "స్టీలు మీదే ఉంది, సరే. పరుపులు, కంచు, గాజులు మా దగ్గర కొనండి. ఆ బజారులో పుట్టిన మీరే కొన్నారంటే ఇంకెవురూ మాట్లాడరు."

కొంటానన్నాను. మాటిచ్చాను. ఇన్నేళ్ళకు దేవుడు దారి చూపించాడనుకున్నాను.

ఇంట్లో చెప్పగానే నా భార్య, "అక్కడ అచ్చిరాదంట కదండీ," అంది.

ఆ మాటను నా ఇంట్లో, నా వంటింటి గడపలో, నా భార్య నోట విన్నాను. అది పుట్టించింది నేనేనని చెప్పేశాను. మొత్తం చెప్పాను. బిందె తుడుస్తూ ఆగిన సంగతి కూడా. ఆమె నవ్వేసింది. "మీరు పుట్టించడమేంటండీ. మా అమ్మమ్మ చెప్పేది," అంది. వాళ్ళ అమ్మమ్మ మా పెళ్ళికి ముందే పోయింది. ఆ మాట అప్పటికి లేదు. అదీ చెప్పాను. మన పెళ్ళి సామాను కూడా ఆ బజారులోనే కొన్నారు కదా, మనకేమైంది అన్నాను.

అనకుండా ఉండాల్సింది.

"అందుకేనేమో మన బాబు నిలవలేదు," అంది.

మా అమ్మాయి తర్వాత పుట్టినవాడు. ఏడాది నిండలేదు. జ్వరంతో పోయాడు. జ్వరం అని నాకు తెలుసు. పక్కనే ఉన్నాను. అయినా ఆ రోజు ఆమె మాటకు ఎదురు చెప్పలేకపోయాను. ఎందుకు? ఆమె బాధపడుతుందనా? మీ దగ్గర దాచను. నాకు భయమేసింది. అబద్ధమని ఈ లోకంలో ఖాయంగా తెలిసిన ఒకే ఒక్కడిని నేను. ఆ అబద్ధానికి నేనే భయపడ్డాను. ఒకవేళ, అనిపించింది. ఒక్కతే కూతురు, ఎందుకొచ్చిన పంతం, అనిపించింది. వత్సవాయి నుంచి వచ్చిన ఆ తల్లి మళ్ళీ ఎందుకు కూర్చుందో నాకు ఆ రోజు అర్థమైంది.

సామాను విజయవాడలో కొన్నాం.

సైదులు పెళ్ళికి వచ్చాడు. తను కుట్టిన దిండ్ల జత తెచ్చి ఇచ్చాడు. ఏమీ అడగలేదు. భోజనం చేసి, చెయ్యి కడుక్కొని వెళ్ళాడు. ఆ దిండ్లు పిల్లతో పంపలేదు. మా అటక మీద ఉన్నాయి. నా భార్య వాటిని కిందికి దించనివ్వదు, పారేయనూ పారేయదు.

మొన్న పేట వెళ్ళినప్పుడు ఆ సందు మొదట్లో నిలబడి చూశాను. కొత్త రంగు వేసిన తలుపులు. తీసి ఉన్న కొట్లు రెండే. లోపలికి వెళ్ళలేదు. మా కొట్టు తాళం తుప్పు పట్టి ఉంది. తాళంచెవి నా జేబులోనే ఉంది.

సైదులుకు ఇంకా చెప్పలేదు. ఇది ఎక్కడైనా అచ్చయితే, చదివితే, స్టీలు కొట్టు అనగానే నన్ను పోల్చుకుంటాడు. అప్పుడేమంటాడో నాకు తెలియదు. ఏమన్నా పడతాను. క్షమించమని అడగడానికి ఇది రాయలేదు. క్షమించాల్సినవాడు విల్లు పక్కన పెట్టి వెళ్ళిపోయాడు.

మీకు మాత్రం ఒక పని చెబుతాను. పేట బస్సులో ఎవరైనా ఆ బజారు ఊసెత్తి అచ్చిరాదంట అంటే, ఎవరన్నారని అడగండి. అందరూ అనుకుంటారు అంటారు. కాదని చెప్పండి. నందిగామలో ఒక స్టీలు కొట్టువాడు అన్నాడని చెప్పండి. మధ్యాహ్నం పూట, బిందె తుడుస్తూ, తండ్రి మీద కోపంతో అన్నాడని చెప్పండి. మీరూ 'అన్నాడంట' అనకండి. అన్నాడు అనండి.

అచ్చిరాదంట కాదు. అచ్చిరాదని నేనన్నాను.

ఆ 'అంట' తీసి రాయడానికి ఇన్నేళ్ళు పట్టింది. రాశాక చూస్తే చిన్న వాక్యమే.